సగం ఓట్లతో ఇచ్చిన అధికారం, మూడింట రెండొంతులు లేనిదే తిరిగి రాదు

2025 నవంబరు 5న అమెరికా సుప్రీంకోర్టులో సుంకాల కేసు వాదనలు జరిగాయి. 1977 నాటి ఒక అత్యవసర అధికారాల చట్టాన్ని చూపించి అధ్యక్షుడు ట్రంప్ దిగుమతుల మీద వేసిన సుంకాలు చెల్లుతాయా అన్నది ఆ కేసు. ఆ కోర్టు వాదనల ఆడియోను అప్పటికప్పుడే వినిపిస్తుంది. మన రాత్రి భోజనాల వేళకి మొదలై పదకొండు దాటేదాకా సాగింది, చివరిదాకా విన్నాను. అంతసేపట్లో నా మనసులో నిలిచిపోయింది ఒక్క ప్రశ్న. అడిగినాయన జస్టిస్ నీల్ గోర్సచ్. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది స్వయంగా ట్రంపే.

ఆయన అడిగిన దాని సారాంశం ఇది. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఒకసారి ఒక అధికారాన్ని అధ్యక్షుడి చేతిలో పెట్టింది అనుకుందాం. తర్వాత మనసు మార్చుకుంది. వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ చట్టం చేయాలి. ఆ చట్టం మీద సంతకం పెట్టాల్సింది అధ్యక్షుడే. తన చేతిలో ఉన్న అధికారాన్ని లాక్కునే బిల్లు మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? వీటో చేస్తాడు. వీటోని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అంటే అధికారం ఒకవైపుకే కదులుతూ పోతుంది, ఇటునుంచి అటు తప్ప అటునుంచి ఇటు రాదు.

ప్రభుత్వం తరఫున వాదిస్తున్న సొలిసిటర్ జనరల్ జాన్ సావర్ దీనికి 2023లో కోవిడ్ అత్యవసర పరిస్థితిని కాంగ్రెస్ ముగించిన సంగతి గుర్తుచేశారు. నిజమే, ముగించింది, బైడెన్ సంతకం కూడా పెట్టారు. కానీ ఆ ఏడాది జనవరిలోనే బైడెన్ ప్రభుత్వం దాన్ని మే 11న ఎలాగూ ఎత్తేస్తామని ప్రకటించి ఉంది. కాంగ్రెస్ చేసింది ఆ తేదీని ఒక నెల ముందుకి జరపడం. వదులుకోవడానికి సిద్ధపడ్డవాడి చేతిలోంచి తీసుకోవడం గురించి కాదు కదా గోర్సచ్ అడిగింది.

అమెరికాలో అధికార శాఖలు ఒకదాన్నొకటి అదుపు చేసుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మనందరి చూపూ కోర్టు మీదకే పోతుంది. ఏ జడ్జి ఏ ఉత్తర్వుని ఆపాడు, అధ్యక్షుడు కోర్టు మాట విన్నాడా లేదా. తెలుగు టీవీ చర్చలు కూడా అంతే. నాకు మాత్రం అసలు చిక్కు కాంగ్రెస్ దగ్గరే ఉందనిపిస్తుంది. ఆ చిక్కు ముడి పడింది 1983లో, మన మూలాలున్న ఒక మనిషి కేసులో. ముడి వేసింది సుప్రీంకోర్టు. దాన్ని విప్పే దారి ఉండి కూడా విప్పుకోనిది కాంగ్రెస్.

ఒక విద్యార్థి వీసా

జగదీష్ రాయ్ చద్దా భారతీయ కుటుంబంలో కెన్యాలో పుట్టాడు. చేతిలో ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్టు. 1966లో విద్యార్థి వీసా మీద అమెరికా వెళ్ళాడు. 1972 జూన్ 30తో వీసా గడువు తీరింది. కెన్యా తనవాడనడం లేదు, బ్రిటన్‌కి తొందర లేదు. పొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియని స్థితి. ఇమిగ్రేషన్ జడ్జి ఆ పరిస్థితి అంతా విని, ఏడేళ్ళకు పైగా దేశంలో ఉన్నాడు, నడవడిక మంచిది, పంపిస్తే తీవ్రమైన కష్టంలో పడతాడు అని నిర్ధారించి, 1974 జూన్‌లో అతని బహిష్కరణను నిలిపేశాడు.

అయితే అప్పటి చట్టంలో ఒక మెలిక ఉంది. అలా నిలిపేసిన కేసుల జాబితా కాంగ్రెస్‌కి వెళ్ళాలి. రెండు సభల్లో ఏ ఒక్కటి కాదన్నా ఆ ఊరట రద్దయిపోతుంది. 1975 డిసెంబరు 16న ప్రతినిధుల సభ సరిగ్గా అదే చేసింది. దాదాపు 340 పేర్లలోంచి ఆరుగురిని ఏరి, వీళ్ళకి ఊరట చెల్లదంది. అందులో చద్దా ఒకడు. ఆ తీర్మానం ప్రతి ముందుగా అచ్చు కాలేదు, సభ్యుల చేతికి అందలేదు. చర్చ లేదు, ఎవరు ఎటు ఓటేశారన్న నమోదు లేదు. వీళ్ళ పరిస్థితి అంత కష్టంగా ఏమీ లేదని కమిటీ భావించిందని సబ్‌కమిటీ అధ్యక్షుడు చెప్పాడు, సభ సరేనంది. ఒక మనిషి బతుకు నిమిషాల్లో తేలిపోయింది.

చద్దా కోర్టుకి వెళ్ళాడు. 1980లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసిన జడ్జి ఆంథనీ కెనడీ, తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఆయనే. ఇమిగ్రేషన్ శాఖ కూడా చద్దా వాదనతోనే ఏకీభవించడంతో, కాంగ్రెస్ సభలే ముందుకొచ్చి తమ అధికారాన్ని తామే కాపాడుకోవాల్సి వచ్చింది. 1983 జూన్ 23న సుప్రీంకోర్టు 7-2తో తేల్చేసింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసినదాని ప్రకారం, చట్టంలా పనిచేసే ఏ నిర్ణయమైనా రెండు సభలూ ఆమోదించాలి, అధ్యక్షుడి ముందుకు వెళ్ళాలి. ఈ దారి తప్పించి కాంగ్రెస్ పెట్టుకున్న ప్రతి అడ్డదారీ చెల్లదు.

చద్దాకి న్యాయం జరిగింది. అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ ఆ తీర్పు చద్దా దగ్గర ఆగలేదు. అప్పటికి దాదాపు 200 చట్టాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది: కాంగ్రెస్ అధికారం ఇస్తుంది, నచ్చకపోతే అధ్యక్షుడి సంతకం అక్కర్లేని తీర్మానంతో దాన్ని అడ్డుకుంటుంది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ బైరన్ వైట్ ఆ చట్టాలన్నీ గుర్తుచేసి, ఈ పట్టు పోతే కాంగ్రెస్‌కి మిగిలేవి రెండే దారులన్నాడు: అసలు అధికారమే ఇవ్వకుండా ఉండటం, లేదా ఇచ్చేసి ఊరుకోవడం. ఆధునిక ప్రభుత్వంలో మొదటిది కుదిరే పని కాదు. కాబట్టి జరిగింది రెండోదే.

2019లో ఏం జరిగిందంటే

జాతీయ అత్యవసర పరిస్థితుల చట్టం 1976లో వచ్చింది, నిక్సన్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో. ట్రూమన్ కాలంలో ప్రకటించిన అత్యవసర పరిస్థితి సహా ఎన్నో ఏళ్ళ తరబడి అలాగే నడుస్తున్నాయని కాంగ్రెస్‌కి అప్పుడే తెలివిడి అయింది. అందుకే ఒక బేరం కుదుర్చుకుంది. అధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటించవచ్చు. రెండు సభలూ మామూలు మెజారిటీతో వద్దంటే అది ముగుస్తుంది, ఆయన సంతకంతో పని లేదు. మరుసటి ఏడు, 1977లో వచ్చిన ఆర్థిక అత్యవసర అధికారాల చట్టం కూడా ఈ పునాది మీదే నిలబడింది. విదేశీ లావాదేవీలను ఆపే అంత విశాలమైన అధికారాన్ని అంత తేలిగ్గా ఇచ్చారంటే, కావాలంటే ఆపగలం అన్న ధైర్యంతోనే.

చద్దా తీర్పుతో ఆ ధైర్యానికి ఆధారం పోయింది. 1985లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. ఎలా? ముగించే తీర్మానం ఇకమీదట అధ్యక్షుడి సంతకానికి వెళ్ళాలని మార్చింది. అంతే. ఇచ్చిన అధికారాన్ని తగ్గించలేదు, గడువు పెట్టలేదు. బేరంలో తన వాటా పోయింది, అవతలివాడి వాటా చెక్కుచెదరలేదు. నన్నడిగితే ఈ మొత్తం కథలో క్షమించరానిది ఇక్కడే ఉంది. కోర్టు తీర్పుకి కాంగ్రెస్ బాధ్యురాలు కాదు, ఈ సవరణకి మాత్రం పూర్తి బాధ్యురాలు.

దీని ఫలితం 2019లో కళ్ళకి కట్టింది. సరిహద్దు గోడకి ట్రంప్ అడిగినంత డబ్బు కాంగ్రెస్ ఇవ్వలేదు. ఫిబ్రవరి 15న ట్రంప్ అత్యవసర పరిస్థితి ప్రకటించి, సైనిక నిర్మాణాలకి కేటాయించిన డబ్బు అటు మళ్ళించడానికి పూనుకున్నారు. ఖజానా తాళం కాంగ్రెస్‌ది అనేది అక్కడి రాజ్యాంగంలో అన్నిటికన్నా స్పష్టమైన మాట. ప్రతినిధుల సభ 245-182తో, సెనేట్ 59-41తో వద్దన్నాయి. సెనేట్‌లో సొంత పార్టీవాళ్ళే 12 మంది అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఓటేశారు. మార్చి 15న వీటో. ప్రతినిధుల సభలో దాన్ని దాటడానికి చేసిన ప్రయత్నం 248-181 దగ్గర ఆగిపోయింది. 1976 నాటి చట్టం ఉన్నదున్నట్టు ఉండి ఉంటే మార్చి 14 రాత్రికే ఆ అత్యవసర పరిస్థితి ముగిసిపోయి ఉండేది. రెండు సభల్లోనూ మెజారిటీ కాదన్నది కొనసాగింది. దీన్ని సమతుల్యం అనడానికి నాకు మనసొప్పదు.

క్యాలెండర్‌లో లేని రోజులు

కాంగ్రెస్‌ని మరీ అమాయకురాలిగా చూపిస్తున్నానా అన్న సందేహం నాకూ ఉంది. ఎందుకంటే 2025లో ప్రతినిధుల సభ చేసిన పని చదివినప్పుడు రెండోసారి చదివితే గానీ నమ్మలేకపోయాను.

అత్యవసర పరిస్థితిని ముగించాలని ఎవరైనా తీర్మానం పెడితే, 15 క్యాలెండర్ రోజుల్లో కమిటీ దాన్ని సభకి పంపాలి, ఆ తర్వాత మూడు రోజుల్లో ఓటింగు జరగాలి అని చట్టంలో ఉంది. నాయకత్వం తొక్కిపెట్టకుండా పెట్టుకున్న రక్షణ అది. మార్చి 11న ప్రతినిధుల సభ ఒక నియమాన్ని ఆమోదించింది. ఆ సమావేశాల్లో మిగిలిన రోజుల్లో ఏ రోజూ, ఫిబ్రవరి 1న ప్రకటించిన అత్యవసర పరిస్థితి విషయంలో, క్యాలెండర్ రోజుగా లెక్కలోకి రాదు! కెనడా, మెక్సికోల మీద సుంకాలకు మూలమైనది ఆ ప్రకటనే. సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమిస్తాడు, సభ్యులు జీతాలు తీసుకుంటారు, 15 రోజులు మాత్రం పూర్తి కావు. ఓటు వేయాల్సిన అవసరం నుంచి తమని తాము తప్పించుకోవడానికి ఒక చట్టసభ కాలాన్నే ఆపేసింది.

సభ్యుల లెక్క అర్థం కానిది కాదు. తమ నియోజకవర్గంలో సుంకాల వల్ల నష్టపోయే రైతులున్నారు, అధ్యక్షుడంటే ప్రాణం పెట్టే ఓటర్లూ ఉన్నారు. అవునన్నా కాదన్నా ఎవరికో ఒకరికి కోపం. ఓటే రాకపోతే ఏ గొడవా లేదు. 1788లో అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన మాడిసన్, ఒక శాఖ అధికార కాంక్షకి మరో శాఖ అధికార కాంక్షే అడ్డుకట్ట వేస్తుందని రాశాడు. సభ్యుడు తన సభ అధికారాన్ని తన సొంత ఆస్తిలా కాపాడుకుంటాడని ఆయన లెక్క. సభ కన్నా పార్టీ దగ్గరి చుట్టమైపోయే రోజు వస్తుందని ఆ లెక్కలో లేదు.

కాబట్టి నా వాదనకి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఇది: కాంగ్రెస్‌కి ఇష్టమే లేనప్పుడు దాని చేతికి పాత పట్టు ఇచ్చినా లాభమేంటి? ఈ ప్రశ్నని నేను తోసిపుచ్చలేను. కానీ ఆ తర్వాత జరిగిన సంగతులు చూడండి. సెనేట్ 2025 అక్టోబరు చివర్లో వరసగా మూడు రోజులు మూడు తీర్మానాలు ఆమోదించింది: బ్రెజిల్ మీద 52-48, కెనడా మీద 50-46, మొత్తం ప్రపంచం మీద వేసినవాటిపై 51-47. క్యాలెండర్ ఆపిన నియమం గడువు తీరాక, దాన్ని పొడిగించబోతే 2026 ఫిబ్రవరిలో సభ ఒప్పుకోలేదు. ఆ వెంటనే కెనడా అత్యవసర పరిస్థితిని ముగించాలని ప్రతినిధుల సభ కూడా ఓటేసింది. అధ్యక్షుడి పార్టీకే మెజారిటీ ఉన్న రెండు సభల్లో ఇది జరిగింది. అంటే కొద్దిమందికైనా ఇంకా తమ సభ మీద అభిమానం మిగిలే ఉంది. పాత నిబంధన కింద ఆ కొద్దిమందే చాలు. ఇప్పటి నిబంధన కింద వాళ్ళలాంటివాళ్ళు డజన్ల కొద్దీ కావాలి. గెలిచే అవకాశమే లేని ఓటు కోసం సొంత నాయకుడితో వైరం తెచ్చుకోవడానికి ఎందరు ముందుకొస్తారు? ఇష్టం లేకపోవడానికీ, చేసినా ఫలితం లేకపోవడానికీ మధ్య సంబంధం ఉందని నేననేది ఇందుకే.

చెరువు గట్టు మీద

మా మేనమామకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టులో మన దేశం మీద ముందు 25 శాతం, అదే నెల 27 నుంచి రష్యా చమురు పేరుతో మరో 25 శాతం వేసినప్పుడు ఫోన్ చేశాను. మన రొయ్యలకి అన్నిటికన్నా పెద్ద మార్కెట్ అమెరికాయే, ఆ సరుకులో అధిక భాగం ఆంధ్రా చెరువులదే. యాభై శాతం మీద యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు మళ్ళీ అదనం.

"పట్టుబడికి వచ్చిందిరా చెరువు. కంపెనీవోళ్ళు కౌంటుకింతని కోసేత్తన్నారు. పది రోజులాగండి అంటన్నారు. ఆగితే మేత ఖర్చు ఎవడిత్తాడు? మబ్బులు చూస్తే అలా ఉన్నాయి, ఏరేటర్లు ఆపడానికి లేదు" అన్నాడు. కాసేపాగి, "అయినా అక్కడ పార్లమెంటు లేదా ఏంట్రా? ఒక్కడు సంతకం పెట్టేత్తే అయిపోద్దా?" అని అడిగాడు.

ఉంది మావయ్యా, సుంకాలు వేసే అధికారం రాజ్యాంగంలో ఆ పార్లమెంటుదే అన్నాను. మరి వేసింది వాళ్ళా అన్నాడు. కాదన్నాను. ఆపుతారా అన్నాడు. ఆ ప్రశ్నకి ఫోన్లో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేకపోయింది.

ఇందులో ఒక విషయం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. తన బహిష్కరణ ఆపుకోవడానికి ఒక భారత సంతతి మనిషి న్యాయంగా గెలిచిన కేసు, నలభై రెండేళ్ళ తర్వాత గోదావరి జిల్లా రొయ్యల రైతు మీద పడిన దెబ్బని అమెరికా కాంగ్రెస్ మామూలు మెజారిటీతో ఆపలేని పరిస్థితికి దారి వేసింది. చద్దాది ఏ తప్పూ లేదు. కానీ దారి అటునుంచే వచ్చింది.

కోర్టు ఆపింది కదా అంటే

ఆపింది. ముందు 2025 మే 28న న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య కోర్టు, తర్వాత ఆగస్టు 29న 7-4తో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ సుంకాలు చట్టవిరుద్ధమన్నాయి. చివరికి 2026 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు 6-3తో అదే మాట చెప్పింది: 1977 చట్టం సుంకాలు వేసే అధికారం ఇవ్వలేదు. గోర్సచ్ కూడా ఆ ఆరుగురిలో ఉన్నారు. అధ్యక్షుడు స్వయంగా నియమించిన జడ్జీలు ఆయనకి వ్యతిరేకంగా తీర్పివ్వడం తక్కువ విషయం కాదు, అందుకు ఆ కోర్టుని మెచ్చుకోవాల్సిందే.

అయినా నా ఆందోళన తీరలేదు. కోర్టు ఆపేసరికి వసూళ్ళు మొదలై ఏడాది దాటింది. కట్టిన సుంకం వాపసు వచ్చినా అది కట్టిన దిగుమతిదారుకి వస్తుంది, ఆగస్టులో గట్టు మీద అయినకాడికి అమ్ముకున్న రైతుకి రాదు. పైగా మన మీద వేసిన సుంకంలో పెద్ద భాగాన్ని తీర్పుకి ముందే ఒప్పందం పేరుతో అధ్యక్షుడే తగ్గించారు. పెంచింది ఆయన సంతకమే, తగ్గించింది ఆయన సంతకమే. రెండుసార్లూ కాంగ్రెస్ ఓటు లేదు.

ఇంకో సంగతి. చట్టం ఏమి అనుమతిస్తుందో కోర్టు చెప్పగలదు, అనుమతించినదాన్ని వాడటం మంచిదా కాదా అనేది కోర్టు పని కాదు. 2025 సెప్టెంబరు 19న హెచ్-1బి మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మనవాళ్ళ ఇళ్ళల్లో ఆ వారాంతం ఎలా గడిచిందో ఈ బ్లాగు చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సెలవుకి వచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళు వదిలేసి విమానాలెక్కారు. అది 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని విదేశీయుల ప్రవేశాన్ని నిలిపే సెక్షన్ కింద వచ్చింది. ఆ సెక్షన్ గడువేమీ పెట్టలేదు, కాంగ్రెస్ ఆమోదం అక్కర్లేదు. అదే 1952లో ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే సుప్రీంకోర్టు 6-3తో కాదంది. ఆ తీర్పులో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాసిన అభిప్రాయాన్ని అందరూ ఉటంకిస్తారు. చివర్లో ఆయనన్న మాట మాత్రం తక్కువమంది పట్టించుకుంటారు: అధికారం వేళ్ళ సందుల్లోంచి జారిపోకుండా కాంగ్రెస్‌ని కాంగ్రెస్సే కాపాడుకోగలదు.

పాత పద్ధతి అంత గొప్పదా

కాదు. పాత కార్లు అమ్మేవాళ్ళు తమకి తెలిసిన లోపాలు కొనేవాడికి చెప్పాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెస్తే, 1982లో రెండు సభలూ కలిసి దాన్ని కొట్టిపారేశాయి. కార్ల డీలర్ల లాబీ గట్టిగా పనిచేసింది. మామూలు కొనుగోలుదారుకి మేలు చేసే నిబంధనని ఇలా తీసిపారేయగలిగితే ఈ ఆయుధం ఎవరి చేతిలో పనిచేస్తున్నట్టు? చద్దా విషయంలో సభ ప్రవర్తించిన తీరు అంతకన్నా ఘోరం. చట్టసభ ఒక మనిషి కేసు మీద తీర్పరిగా కూర్చోకూడదు.

జస్టిస్ లూయిస్ పవెల్ సరిగ్గా ఈ మాటే రాశాడు. ఫలితంతో ఏకీభవిస్తూనే, ఇంత విశాలమైన తీర్పు అక్కర్లేదన్నాడు. ఫలానా వ్యక్తి చట్టం పెట్టిన షరతులకి తగడని సభ తేల్చడం న్యాయస్థానం పని చేయడమే, కాబట్టి ఇక్కడికి దీన్ని కొట్టేస్తే చాలు, మిగతా 200 చట్టాల జోలికి పోనక్కర్లేదు. పవెల్ వెంట ఇంకో నలుగురు నడిచి ఉంటే చద్దా దేశంలో ఉండేవాడు, యుద్ధం, అత్యవసర పరిస్థితుల మీద కాంగ్రెస్ పట్టూ నిలిచేది. నాకు ఆ తీర్పుల్లో అన్నిటికన్నా వివేకమైనది అదే అనిపిస్తుంది, ఎవరూ పెద్దగా తలుచుకోకపోయినా.

బర్గర్ పక్షాన ఒక మాట చెప్పాలి. రాజ్యాంగంలో చట్టం చేసే దారి నిజంగానే స్పష్టంగా రాసి ఉంది. సౌకర్యం కోసం దాన్ని వంచితే రేపు ఇంకొకరు ఇంకో సౌకర్యం కోసం వంచుతారు. ఇది తేలిగ్గా తీసేసే వాదన కాదు. కానీ అంత నియమనిష్ఠ పాటిస్తే అధికారం ఇచ్చేటప్పుడు కూడా పాటించాలి కదా. అధ్యక్షుడి ఒక్క ప్రకటన దేశంలోకి వచ్చే ప్రతి వస్తువు ధరనీ మార్చేస్తుంటే అది రెండు సభలు దాటి రానక్కర్లేదు, దాన్ని ఆపే తీర్మానం మాత్రం అన్ని గడపలూ తొక్కి రావాలి. నిష్ఠ ఒకవైపే పనిచేసింది.

గడువు

చద్దా తీర్పుని తిరగదోడక్కర్లేదు. దానికి లోబడే దారి ఉంది, ఆ దారి మనకి బాగా తెలుసు. ఎమర్జెన్సీ చేదు తిన్నాక 1978లో 44వ సవరణ 352వ అధికరణాన్ని ఎలా మార్చిందో గుర్తుచేసుకోండి. ప్రకటించాక నెలలోపు రెండు సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించకపోతే అది దానంతటదే పోతుంది. ఆరు నెలలకోసారి మళ్ళీ ఆమోదం కావాలి. ఎత్తేయడానికి లోక్‌సభలో మామూలు మెజారిటీ చాలు. పదోవంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సమావేశం కావాలి. కొనసాగించడం కష్టం, ముగించడం తేలిక. అమెరికాలో ఉన్నది దీనికి సరిగ్గా తలకిందులు. కార్టర్ 1979 నవంబరు 14న ఇరాన్ మీద ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ఏటా ఒక నోటీసుతో పొడిగిస్తూనే ఉన్నారు. ఆరు నెలలకోసారి సభలు కూర్చుని ముగించాలా అని ఆలోచించాలన్న నిబంధన 1976 చట్టంలో ఉంది. దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళే లేరు.

గడువు పెట్టినంత మాత్రాన అంతా సర్దుకోదని తెలుసు. కాంగ్రెస్ అనుమతి లేకుండా చేసే సైనిక చర్యకి యుద్ధాధికారాల చట్టంలో 60 రోజుల గడువుంది. 2011లో లిబియా మీద బాంబులు పడుతుండగా, ఇవి ఆ చట్టం చెప్పే శత్రుచర్యలు కావంటూ ఒబామా ప్రభుత్వం ఆ గడువు దాటేసింది. అయినా గడువు ఉండబట్టే ఆ ప్రభుత్వం సంజాయిషీ రాసి ఇవ్వాల్సి వచ్చింది, సొంత పార్టీవాళ్ళు కూడా నిలదీశారు.

సుప్రీంకోర్టు సుంకాలు కొట్టేయగానే అధ్యక్షుడు 1974 వాణిజ్య చట్టంలోని 122వ సెక్షన్ ఎత్తుకున్నారు. ఆ సెక్షన్‌లో 15 శాతం మించకూడదని ఉంది, 150 రోజులు దాటితే కాంగ్రెస్ పొడిగిస్తేనే చెల్లుతుందని ఉంది. వీటో ప్రసక్తే లేదు. ఎవరూ ఏమీ చేయకపోతే సుంకం పోతుంది. ఆ గడువు 2026 జులై దాకానే. అది కొనసాగాలంటే నియోజకవర్గంలో రైతులకీ దుకాణదారులకీ మొహం చూపించాల్సిన సభ్యులు పేరు పేరునా అవునని ఓటేయాలి. క్యాలెండర్ ఆపితే అధ్యక్షుడికి లాభం లేదు. ఒకే ఏడాదిలో ఒకే అధ్యక్షుడు, ఒకే కాంగ్రెస్, రెండు చట్టాలు. తేడా అంతా ఎవరు మౌనంగా ఉంటే ఎవరికి లాభం అన్న దగ్గరే ఉంది.

అత్యవసర పరిస్థితి ఏదైనా 30 రోజుల్లో కాంగ్రెస్ ఆమోదించకపోతే ముగిసిపోవాలని 2019లో సెనేటర్ మైక్ లీ ఒక బిల్లు తెచ్చారు. రిపబ్లికన్ తెచ్చిన బిల్లు, రిపబ్లికన్ అధ్యక్షుడి కాలంలో. అది చట్టం కాలేదు. తర్వాత డెమొక్రాట్లు అధికారంలోకి వచ్చినప్పుడు వాళ్ళకీ దాని మీద తొందర కనిపించలేదు. ఏ అధ్యక్షుడూ ఇష్టపడి దాని మీద సంతకం పెట్టడు, గోర్సచ్ చెప్పిన చిక్కు ఈ బిల్లుకీ వర్తిస్తుంది. కానీ 1973 నవంబరులో నిక్సన్ యుద్ధాధికారాల చట్టాన్ని వీటో చేస్తే రెండు సభలూ మూడింట రెండొంతులతో దాన్ని దాటాయి. వాటర్‌గేట్‌లో ఆయన అప్పటికే బలహీనపడ్డాడు, సొంత పార్టీవాళ్ళకి ఆయన్ని కాపాడాల్సిన అవసరం తగ్గిపోయింది. అలాంటి గడియ ఏ అధ్యక్షుడికైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ రోజున సభ ముందు పెట్టడానికి ఈ బిల్లు, రెండు పార్టీల సంతకాలతో, ఇప్పుడే రాసిపెట్టి ఉండాలి.